శల్యసారథ్యం

మన భాషలో కొన్ని మాటలు పైకి అమాయకంగా కనిపిస్తాయి గాని, విప్పి చూస్తే లోపల ఒక పర్వమే దాగి వుంటుంది. ‘శల్యసారథ్యం’ అలాంటిది. మనకోసమే వచ్చినట్టు పక్కన కూర్చుని, పగ్గాలు పట్టుకుని, అడుగడుగునా వెనక్కి లాగే పెద్దమనిషి లేని ఇల్లూ లేదు, ఆఫీసూ లేదు. వాళ్లను చూసి ఆ మాట అనేస్తాం. కాని శల్యుడు కౌరవుల గుడారంలోకి ఎలా వచ్చాడో మనలో ఎంతమందికి గుర్తుంది?

శల్యుడు మాద్రికి తోబుట్టువు. నకుల సహదేవులకు సాక్షాత్తు మేనమామ. యుద్ధం ఖాయమని తెలియగానే, సేనను వెంటబెట్టుకుని మేనల్లుళ్ల తరఫున పోరాడడానికే బయల్దేరాడు. ఆ సంగతి పసిగట్టిన దుర్యోధనుడు దారి పొడుగునా విడిదులు కట్టించాడు. అడుగు పెట్టిన చోటల్లా చల్లని నీడ, కమ్మని భోజనం, మెత్తని పక్క. ఇదంతా ధర్మరాజు చేయిస్తున్నాడని భ్రమపడ్డ శల్యుడు, ఈ ఏర్పాట్లు చేసినవాణ్ణి పిలవండి, వరమిస్తానన్నాడు. అంతవరకూ చాటున వున్న దుర్యోధనుడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఇంకేముంది? మాట పోయింది, మామ పోయాడు.

ఇక్కడ ఒకటి గమనించండి. శల్యుడు పిరికివాడు కాదు, దుర్మార్గుడూ కాదు. బయల్దేరినప్పుడు మనసు మంచిదే. దారిలో విడిది అతన్ని మార్చింది.

ఇటువంటి శల్యుడు మన ఒంట్లోనూ వున్నాడు. ఆయన్ని గుర్తుపట్టడానికి వైద్యశాస్త్రానికి నూరేళ్లు పైనే పట్టింది. నేను డాక్టర్ని కాను. శాస్త్ర చరిత్ర పుస్తకాలు కనిపిస్తే వదలని వాణ్ణి, అంతే. ఆ కథలో నాకు తెలిసినంత మీతో చెప్పుకోవాలని ఈ ప్రయత్నం.

కథ ముల్లుతో మొదలవుతుంది. శల్యమంటే సంస్కృతంలో ముల్లు అని కూడా అర్థం వుండడం కేవలం కాకతాళీయం!

1882వ సంవత్సరం. ఇల్యా మెచ్నికోవ్ అనే జీవశాస్త్రజ్ఞుడు ఒడెస్సా విశ్వవిద్యాలయంలో ఉద్యోగానికి నమస్కారం పెట్టేసి, భార్యతోనూ ఆవిడ తమ్ముళ్లు చెల్లెళ్లతోనూ సిసిలీ ద్వీపంలోని మెస్సీనా చేరుకున్నాడు. ఒకనాడు ఇంటిల్లిపాదీ సర్కస్‌లో కోతుల విన్యాసాలు చూడడానికి వెళ్లారు. ఈయన మాత్రం సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాడు. నక్షత్రచేప లార్వా గాజులా పారదర్శకంగా వుంటుంది. దాని లోపల కొన్ని కణాలు ఇటూ అటూ తిరుగుతున్నాయి. వీటికేం పని అని ఆలోచిస్తూంటే తటాలున ఒక వూహ తట్టింది: ఇవి కాపలావాళ్లేమో? అయితే ఒంట్లో ముల్లు గుచ్చుకుంటే పరుగెత్తుకు రావాలి కదా! పెరట్లోకి వెళ్లి గులాబీ ముళ్లు నాలుగు తెంపుకొచ్చి, లార్వా చర్మం కింద గుచ్చాడు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లవారి చూస్తే కణాలు ముల్లు చుట్టూ గుమిగూడి వున్నాయి!

ఆ మరుసటి ఏడాది జర్మనీ వైద్యశాస్త్ర పితామహుడు రుడాల్ఫ్ విర్కో మెస్సీనా వచ్చినప్పుడు మెచ్నికోవ్ ఇదంతా చూపించాడు. విర్కో మెచ్చుకున్నాడు. మెచ్చుకుంటూనే జాగ్రత్త చెప్పాడు. ఎందుకంటే ఆనాటి పండితుల అభిప్రాయం సరిగ్గా దీనికి తలకిందులు. తెల్లరక్తకణాలు క్రిములను చంపవు, పైగా వాటిని ఒంట్లో వూరేగించే వాహనాలు అవే అని వాళ్ల నమ్మకం. మెచ్నికోవ్ అది తప్పని నిరూపించడానికి పాతికేళ్లు వాదించాడు. ఈ వాహనం మాట కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

తినే కణాల్లో పెద్దవాటికి మెచ్నికోవ్ 1887లో ‘మాక్రోఫేజ్’ అని పేరు పెట్టాడు. గ్రీకుభాషలో పెద్ద తిండిపోతు అని అర్థం. మన పాఠ్యపుస్తకాలు స్థూలభక్షక కణం అన్నాయి గాని, నాకు ఘటోత్కచుడు గుర్తొస్తాడు కనుక తిండిపోతులనే అంటాను. క్రిములను, చచ్చిన కణాలను, చెత్తాచెదారాన్ని మింగి అరిగించుకోవడం వీటి పని. 1888లో మెచ్నికోవ్ పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. ముసలితనాన్ని దూరంగా వుంచాలంటే పులిసిన పాలు తాగమని యూరపు జనానికి ప్రచారం చేసిందీ ఈయనే. పెరుగు లేనిదే ముద్ద దిగని మనకు ఈ ఒక్క మాటతో ఆయన బంధువైపోయాడు!

తిండిపోతుల సంగతి ఇలా వుండగా, కాన్సర్ గురించి వేరే గదుల్లో వేరే సంగతులు నడుస్తున్నాయి. కణితుల్లో తెల్లకణాలు వున్నాయని విర్కో 1863లోనే చూశాడు. ఎడతెగని వాపుకూ కాన్సర్‌కూ చుట్టరికం వుందని అనుమానించాడు. 1889లో లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్ రొమ్ము కాన్సర్‌తో మరణించిన 735 మంది రికార్డులు ముందేసుకుని కూర్చున్నాడు. జబ్బు గాలివాటంగా పాకేదైతే అన్ని అవయవాలకూ సమంగా పాకాలి. అలా లేదు. కాలేయంలో 241 మందికి కనిపిస్తే, ప్లీహంలో 17 మందికే కనిపించింది. మొక్క గింజలు వేసినప్పుడు విత్తనాలు నలుదిక్కులా పడతాయి గాని, తగిన నేల దొరికిన చోటే మొలుస్తాయి, ఇదీ అంతే అన్నాడు పేజెట్. అందరూ విత్తనాన్నే పరీక్షిస్తున్నారు, నేలను చూసేవాడు లేడని ఆయన బాధ.

మన రైతు విత్తనం సంగతి అడిగేముందు, ‘నల్లరేగడా, ఎర్రచెలకా?’ అని నేల సంగతి అడుగుతాడు. అంత మామూలు తెలివి కాన్సర్ విషయంలో చాలాకాలం పక్కన పడిపోయింది. దానికి కారణమూ లేకపోలేదు. కళ్లముందు మనిషి చచ్చిపోతూంటే, ముందు విత్తనాన్ని చంపే మందు కావాలి గదా! ఆ మందుల చరిత్రలో మనవాడొకడు ముందు వరసలో వున్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహిస్తున్నప్పుడు, ఆయన బృందం అమినాప్టెరిన్ అనే మందు తయారు చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సర్ పిల్లలకు దాన్ని ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గింది. సుబ్బారావు అదే సంవత్సరం కన్నుమూశాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ వాడుకలో వుంది.

1970లు వచ్చాయి. కణితిని కోసి చూస్తే లోపల తిండిపోతులు కుప్పలు తెప్పలు. కొన్ని రకాల్లో కణితి సగం దాకా అవే. శాస్త్రజ్ఞులకు పరమానందం! ఎందుకంటే, బాగా రెచ్చగొట్టిన మాక్రోఫేజ్‌లను గాజుపళ్లెంలో కాన్సర్ కణాలతో కలిపితే చంపుతున్నాయి. ఇంతమంది భటులు కోటలోకి దిగారంటే గెలుపు మనదే అనుకున్నారు. మరి కోట ఎందుకు పడలేదు? పైగా రోజురోజుకీ ఎందుకు పెరుగుతోంది?

ఇటలీలో మిలాన్ నగరం. మారియో నెగ్రీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆల్బెర్టో మాంటొవానీ అనే యువకుడు 1970ల చివర ఎలుకల కణితుల్లోంచి తిండిపోతులను బయటికి తీసి, వాటిని కాన్సర్ కణాల పక్కన పెట్టి చూశాడు. కొన్ని సందర్భాల్లో చంపడం మాట దేవుడెరుగు, కాన్సర్ కణాలు ఇంకా ఏపుగా పెరిగాయి. 1983లో ఆయన బృందమే మరో సంగతి బయటపెట్టింది. తిండిపోతులు వాటంతట అవి రావడంలేదు, కాన్సర్ కణాలే ఒక పదార్థాన్ని వెదజల్లి వాటిని పిలిపించుకుంటున్నాయి. దుర్యోధనుడు దారిలో విడిదులు కట్టించిన సంగతి ఇక్కడ బయటపడింది.

పిలిచి ఏం చేయిస్తున్నట్టు? దీనికి జవాబు 1986లో బోస్టన్ వైద్యుడు హెరాల్డ్ డ్వోరాక్ రాసిన వ్యాసంలో వుంది. ఆయన మాట సారాంశం ఒక్కటే: కణితి అంటే మానని గాయం. మన పల్లెల్లో పెద్దవాళ్లు కాన్సర్‌ను ఏమనేవారు? రాచపుండు! వాళ్లు సూక్ష్మదర్శిని చూడలేదు గాని, పుండని మాత్రం అన్నారు.

అసలు కీలకమంతా ఈ పుండులోనే వుంది. కాస్త వివరంగా చెబుతాను, చిత్తగించండి. వంటింట్లో కత్తిపీటకు వేలు తెగిందనుకోండి. తిండిపోతులు అక్కడ రెండు పనులు చేస్తాయి. మొదట సైనికుడి పని. క్రిములను చంపడం, మింగడం, వాపు పుట్టించడం. రెండు మూడు రోజులయ్యాక అవే తాపీమేస్త్రీలవుతాయి. కొత్త రక్తనాళాలు మొలవడానికి కబురు పెడతాయి, చెడిన కణజాలాన్ని తీసేసి కొత్తది కట్టిస్తాయి, మిగతా భటులను ‘ఇక చాలు, కత్తులు దించండి’ అని శాంతింపజేస్తాయి. ఈ రెండో పని లేకపోతే మన ఒంటిమీద ఒక్క గాయమూ మానదు.

కణితి చేసే మోసం ఇదే. కొత్తగా వచ్చిన తిండిపోతుకు అక్కడి వాతావరణం అచ్చం మానుతున్న గాయంలాగే కనిపిస్తుంది. ప్రాణవాయువు తక్కువ. చచ్చిన కణాలు ఎక్కువ. కట్టమని చెప్పే రసాయనాలు చుట్టూ వున్నాయి. పాపం అది నమ్మేస్తుంది. కత్తి పక్కన పెట్టి తాపీ చేతికి తీసుకుంటుంది. కణితికి రక్తనాళాలు కట్టిస్తుంది, ఆహారం అందే దారి వేస్తుంది. కాన్సర్‌ను చంపడానికి టీ కణాలనే వేరే భటులు వస్తే, ‘గొడవ సద్దుమణిగింది, వెళ్లండి’ అని పంపేస్తుంది. దానికి ద్రోహబుద్ధి లేదు. మరమ్మతు చేస్తున్నాననే దాని ధోరణి!

ఇందులో ఒక విచిత్రం కూడా వుంది. కాన్సర్ కణాలు చక్కెరను విపరీతంగా వాడుకుని, ప్రాణవాయువు అందుబాటులో వున్నా సరే, లాక్టిక్ ఆమ్లాన్ని కుమ్మరిస్తాయని జర్మనీలో ఓటో వార్‌బర్గ్ 1920లలోనే కనిపెట్టాడు. ఆ ఆమ్లం ఎందుకు పనికొస్తుందో చాలాకాలం ఎవరికీ అంతుబట్టలేదు. 2014లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు: తిండిపోతును మేస్త్రీగా మార్చే సంకేతాల్లో ఈ ఆమ్లమూ ఒకటి. లాక్టిక్ ఆమ్లమంటే పెరుగుకు పులుపునిచ్చేదే! మెచ్నికోవ్ జీవితమంతా పొగిడిన రెండు వస్తువులు, తిండిపోతులూ పులిసిన పాలలోని ఆమ్లమూ, కణితిలో ఇలా కలుసుకుంటాయని ఆయన కలలో కూడా అనుకుని వుండడు. ఇది చదివి రేపటినుంచి ఇంట్లో పెరుగు మాన్పించకండి, మహాప్రభో. ఆ ఆమ్లం కాన్సర్ కణం తన గుమ్మంలో తానే తయారు చేసుకునేది. మీ పెరుగన్నానికీ దానికీ సంబంధం లేదు.

సైనికుడు, మేస్త్రీ అన్నాను. శాస్త్రజ్ఞులు కూడా అలాగే రెండు పేర్లు పెట్టుకున్నారు. 1992లో ఆక్స్‌ఫర్డ్‌లో సయమన్ గోర్డన్ బృందం తిండిపోతును మేల్కొలిపే రెండో దారి ఒకటుందని చూపించింది. 2000లో మిల్స్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ ఎం-1, ఎం-2 అని అంకెలు వేశారు. తర్వాత తెలిసిందేమిటంటే, ఇవి రెండు కులాలు కావు, ఒకే తానులోని రంగులు. ఒకే కణితిలో ఒక మూల ఒక రంగు, మరో మూల ఇంకో రంగు.

ఆ రంగు పుట్టుకతో వచ్చింది కాదు. కాలేయంలో వుండే తిండిపోతుకు ఒక తీరు, వూపిరితిత్తిలో దానికి ఒక తీరు, మెదడులో దానికి మరో తీరు. 2014లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లూ వారి సహచరులూ ఎలుక పొట్టలోని తిండిపోతులను తీసి వూపిరితిత్తుల్లో పెట్టారు. కొన్నాళ్లకు వాటిలో పనిచేసే జన్యువులు చాలావరకు వూపిరితిత్తి పద్ధతికి మారిపోయాయి. గోదావరి జిల్లా పిల్ల కోడలై కరీంనగర్ వెళ్లి నాలుగేళ్లకు అక్కడి యాస మాట్లాడడం లేదూ? అలాగన్నమాట. అంటే ఏమిటి? చుట్టుపక్కల మారితే కణం మారుతుంది. చెడు సావాసం చెరిపితే, మంచి సావాసం బాగు చేయగలదేమోనన్న ఆశ ఇక్కడ పుట్టింది.

ఇదంతా అనుమానమే అనేవాళ్లకు 2001లో గట్టి జవాబు దొరికింది. న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలలో జెఫ్రీ పోలార్డ్ బృందం రొమ్ము కాన్సర్ తప్పక వచ్చే ఎలుకలను తీసుకుని, వాటిలో కొన్నిటికి తిండిపోతులను పోషించే సి.ఎస్.ఎఫ్.-1 అనే ప్రోటీన్ లేకుండా చేసింది. కణితి మాత్రం రెండు రకాల ఎలుకల్లోనూ పుట్టింది. కాని తిండిపోతులు తగ్గిన ఎలుకల్లో అది ముదరడం ఆలస్యమైంది, వూపిరితిత్తులకు పాకడం బాగా తగ్గింది. 2007లో అదే కళాశాల శాస్త్రజ్ఞులు బతికున్న ఎలుక కణితిలోకి సూక్ష్మదర్శినితో తొంగిచూశారు. కాన్సర్ కణం రక్తనాళంలోకి దూరుతున్న చోటల్లా పక్కనే ఒక తిండిపోతు నిలబడి వుంది!

మెస్సీనాలో విర్కో చెప్పిన మాట గుర్తుంది కదూ? తెల్లకణాలు శత్రువుకు వాహనాలని. క్రిముల విషయంలో ఆ మాట ఓడిపోయింది. నూట ఇరవై యేళ్ల తర్వాత కాన్సర్ విషయంలో కొంత నిజమై కూర్చుంది. శాస్త్రంలో ఓడిపోయినవాడి మాటనూ పారెయ్యకుండా అటక మీద పెట్టుకోవాలనిపిస్తుంది నాకు.

మరి వైద్యం? మొదటి ఆలోచన అందరికీ వచ్చేదే: ద్రోహులను ఏరిపారెయ్యి. కీళ్ల దగ్గర వచ్చే ఒక అరుదైన కణితిలో గడ్డంతా దాదాపు తిండిపోతులదే. దానికి పెక్సిడార్టినిబ్ అనే మందును 2019లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. గడ్డ కరిగింది. కాని కాలేయం దెబ్బతినే ప్రమాదముందని గట్టి హెచ్చరిక కూడా తగిలించింది. మిగతా కాన్సర్లలో అలాంటి మందు ఒక్కటీ ఇస్తే పెద్ద ప్రయోజనం కనిపించలేదు.

రెండో ఆలోచన ధర్మరాజుది. శల్యుడు వచ్చి జరిగింది చెప్పుకుంటే ధర్మరాజు ఆయన్ని తిట్టలేదు, చంపలేదు. ‘మామా, నువ్వు అక్కడే వుండు, కర్ణుడి రథం తోలేటప్పుడు వాడి ధైర్యం చెడగొట్టు’ అన్నాడు. 2013లో న్యూయార్క్‌లో జొహానా జాయిస్ బృందం మెదడు కాన్సర్ వున్న ఎలుకల్లో అచ్చంగా ఇదే చూసింది. మందు వేస్తే తిండిపోతులు చావలేదు, గుణం మార్చుకున్నాయి, కణితులు తగ్గాయి. మహదానందం! కాని 2016లో అదే బృందం చెప్పిందేమిటంటే, కొంతకాలానికి సగానికి పైగా ఎలుకల్లో కణితి తిరిగొచ్చింది. అదే సంవత్సరం అచ్చయిన, మనుషులపై చేసిన ఒక చిన్న పరీక్షలో ఈ తరహా మందుతో మేలు కనిపించలేదు. కాన్సర్ కణాలు ‘నన్ను తినకు’ అని తిండిపోతుకు చూపించే గుర్తును కప్పేసే మందు మీద కూడా చాలా ఆశలు పెట్టుకున్నారు. రక్తకాన్సర్లలో దాని పెద్ద పరీక్షలను 2024 ఆరంభానికల్లా ఆపేశారు. తిండిపోతులనే బయటికి తీసి, కాన్సర్‌ను గుర్తుపట్టేలా తర్ఫీదిచ్చి తిరిగి పంపే ప్రయోగాలు 2021లో మనుషుల్లో మొదలయ్యాయి. యుద్ధం నడుస్తోంది, స్త్రీపర్వం దాకా రాలేదు.

ఇదంతా మనకెందుకంటారా? మా వీధిలో ఒకావిడకు ఈ జబ్బు వచ్చినప్పుడు చూడడానికి వచ్చినవాళ్లంతా రెండే మాటలు మాట్లాడారు. ఒకటి, ‘వదినా, ఫలానా పొడి పాలల్లో కలిపి తాగండి, రోగనిరోధక శక్తి పెరుగుతుంది’ అని. రెండోది, గుమ్మం దాటాక గొంతు తగ్గించి, ‘ఒంట్లో పోరాడే శక్తి లేదండీ, ఆవిడ మరీ మెతక మనిషి’ అని. మొదటి మాట అమ్మేవాళ్లు వేలు గడిస్తున్నారు. రెండో మాట ఖరీదు రోగి చెల్లిస్తుంది.

ఆ రెండింటికీ ఈ నూట నలభై యేళ్ల చరిత్రే జవాబు. భటుల సంఖ్య పెంచినంతమాత్రాన కోట పడదు. వాళ్లు ఎవరి విడిదిలో భోంచేస్తున్నారన్నదే ముఖ్యం. ఆ సంగతి కనిపెట్టి మందు ఇవ్వడం డాక్టర్ల పని, పొడుముల డబ్బాల పని కాదు. ఇక పోరాడలేదంటారా? ఆవిడ ఒంట్లోంచి సేనలు మొదటి రోజునే బయల్దేరాయి. లక్షల్లో వెళ్లాయి. దారిలో మోసపోయాయి. మోసపోవడం మెతకదనం కాదు. మెతకదనమే అయితే మద్రదేశపు రాజు ఆ పని చేసేవాడా?

రోగిని చూడడానికి వెళ్తే నాలుగు కమలాపళ్లు తీసుకెళ్లండి. ధైర్యంగా వుండమని ఉపన్యాసం చెప్పకుండా కాసేపు పక్కన కూర్చోండి. లోపలి సావాసాన్ని బాగుచేసే మందు శాస్త్రజ్ఞులు ఎప్పుడో ఒకప్పుడు సాధిస్తారు. బయటి సావాసం మాత్రం మన చేతిలోనే వుంది, దానికి ఏ ప్రభుత్వ అనుమతీ అక్కర్లేదు.